భోగిపళ్లకు 11 మంది వస్తున్నారు, పాపకు ఏడు నెలలు: పెద్దవాళ్లకు ఎలా చెప్పాలి?

చంటిపాప అమ్మ, కూకట్‌పల్లి
22 డిసెంబరు 2024, రాత్రి 11.20

అందరికీ నమస్కారం. మాది రెండు పడకగదుల ఫ్లాట్. మా పాప జూన్ 13న పుట్టింది. జనవరి 13న భోగి, ఆ రోజుకు సరిగ్గా ఏడు నెలలు నిండుతాయి. మా అత్తగారి ఊరు భీమవరం దగ్గర. ఏటా సంక్రాంతికి మేమే వెళతాము. ఈసారి చలిలో చంటిపిల్లతో ప్రయాణం వద్దని, భోగిపళ్లు హైదరాబాదులోనే పోద్దామని అక్కడినుంచి 11 మంది బయలుదేరి వస్తున్నారు. నాలుగు రోజులు ఉంటారు. వాళ్లు రావడం నాకు నిజంగా సంతోషం. పాప పుట్టినప్పటినుంచి ఈ ఇంట్లో నేనూ, అదీ, నాలుగు గోడలూ. ఇల్లు నిండుగా ఉండాలని నాకూ ఉంది.

నా భయం వేరు. అక్టోబరులో ఎవరో చుట్టాలు చూడటానికి వచ్చి ముద్దు పెట్టుకుని వెళ్లారు. వాళ్లకు ఉన్నది చిన్న జలుబే. నాలుగో రోజుకు పాపకు పిల్లికూతలు మొదలయ్యాయి, పాలు తాగడం మానేసింది. ఊపిరితిత్తుల్లోని సన్నటి గొట్టాలు వాచాయని చెప్పి ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ముక్కుకు పెట్టిన ఆక్సిజన్ గొట్టాన్ని అది పీకేయకుండా రెండు చేతులూ పట్టుకుని రాత్రంతా కూర్చున్నాను. ఆ ఐదు రాత్రులు ఇంకా నా ఒంట్లోనే ఉన్నాయి. ఇప్పుడు వీధిలో ఎవరు దగ్గినా పాపను గట్టిగా హత్తుకుంటున్నాను.

వచ్చేవాళ్లలో మా వారి పెదనాన్నగారు ఉన్నారు. మా వారి చదువు ఆయన చలవే. చిన్నప్పుడు మా వారికి భోగిపళ్లు పోసిందీ ఆయనే. ఆయనకు నెల రోజులుగా తగ్గని దగ్గు. చుట్ట అలవాటు ఉంది. ఆయనను రావద్దని ఎవరు అనగలరు? రమ్మని ఎలా అనగలను? మిగతావాళ్లకైనా ముద్దులు వద్దు, సాంబ్రాణి వద్దు, తేనె నాకించవద్దు అని కోడలు నోటితో చెబితే అది ఎంత దూరం వెళుతుందో మీకు తెలుసు. దయచేసి దారి చెప్పండి.

---

గోదావరి ఆడపడుచు, ఎల్బీనగర్
23 డిసెంబరు, ఉదయం 7.05

చెల్లీ, ముందు ప్రయాణం సంగతి. ఆ రోజుల్లో హైదరాబాదు మొత్తం విజయవాడ రహదారి మీదే ఉంటుంది. పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు మీరు టీవీలో చూసే ఉంటారు. కానీ మీ వాళ్లు వచ్చేది ఎదురు దిశలో. పండగ ముందు ఇటువైపు రైళ్లలో సీట్లు దొరుకుతాయి, తిరిగి వెళ్లేటప్పుడు కూడా జనం వాళ్లకు ఎదురే వస్తుంటారు. కార్లలో వద్దని చెప్పండి. తెల్లవారుజామున పొగమంచులో సూర్యాపేట దాటడం మంచిది కాదు. పెద్దవాళ్లు రైల్లో హాయిగా పడుకుని వస్తే ఒళ్లు అలవకుండా ఉంటుంది, ఇంటికి చేరాక విసుగూ ఉండదు. సగం గొడవలు ప్రయాణపు అలసటలోనే పుడతాయి.

మిగతాది పెద్దలు చెబుతారు. పాప బాగుండాలి.

---

మల్కాజిగిరి నానమ్మ
23 డిసెంబరు, ఉదయం 10.40

అమ్మాయీ, నాకు 68 ఏళ్లు. ముగ్గురు పిల్లలను, ఐదుగురు మనవలను ఈ చేతులతోనే కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోశాను. నీ భయం నాకు అర్థమైంది. కానీ మా వైపు సంగతి కూడా విను.

మనవరాలి మొదటి భోగి అంటే ఆ ఇంట్లో రెండు నెలలుగా అదే మాట నడుస్తూ ఉంటుంది. పట్టు పరికిణీ కుట్టించి ఉంటారు. రేగిపళ్లు ఎవరి పెరట్లోవి తేవాలో అనుకుని ఉంటారు. అంత ఆశతో గడపలో కాలు పెట్టగానే చేతులు కడుక్కున్నారా, మూతికి గుడ్డ కట్టుకున్నారా అని అడిగితే, మేము పెంచిన పిల్లలు పెరగలేదా అని గుండె కలుక్కుమంటుంది. మా కాలంలో సాంబ్రాణి వేయకుండా బిడ్డను పడుకోబెట్టిన రోజు లేదు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంటి నిండా జనం మధ్య పెరిగిన బిడ్డకే గట్టిదనం వస్తుంది. మరీ గాజుబొమ్మలా దాచవద్దు.

---

కవలల తల్లి, మియాపూర్
23 డిసెంబరు, మధ్యాహ్నం 1.15

నానమ్మగారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను, ఎవరికీ ఏమీ కాలేదన్న మాట నేను ఒప్పుకోను. మా అమ్మమ్మకు ఎనిమిది కాన్పులు. బతికింది ఐదుగురు. మిగతా ముగ్గురి గురించి అడిగితే ‘జలుబు చేసి పోయారు’ అనేది, అంతే. ఆ ముగ్గురూ లెక్కలోకి రాలేదు కాబట్టి అందరూ గట్టిగా పెరిగారని అనుకుంటున్నాము.

చంటిపాప అమ్మగారూ, మీ పాప ఇప్పటికే ఒకసారి ఆక్సిజన్ దాకా వెళ్లి వచ్చింది. మొహమాటం పక్కన పెట్టండి. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు రావద్దని కుటుంబం వాట్సాప్ బృందంలో ఒక్క మాట రాసేయండి. నా కవలలు నెలలు నిండకుండా పుట్టారు. మొదటి సంక్రాంతికి మేము తలుపే తీయలేదు. ఒక ఏడాది మాట్లాడని చుట్టాలు తరువాత మాట్లాడారు. పిల్లలు క్షేమంగా ఉన్నారు.

---

పిల్లల వార్డు నర్సు (విశ్రాంత)
23 డిసెంబరు, రాత్రి 9.30

31 ఏళ్లు పిల్లల వార్డులో పనిచేశాను. డిసెంబరు, జనవరి నెలల్లో మంచాలు ఎందుకు నిండుతాయో దగ్గరగా చూశాను. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

పెద్దవాళ్లకు రెండు రోజుల పడిశంగా పోయే వైరసే ఏడాది లోపు బిడ్డకు ఊపిరి అందనివ్వదు. బిడ్డ ఊపిరి గొట్టాలు అంత సన్నగా ఉంటాయి, కొంచెం వాచినా దారి మూసుకుపోతుంది. వైరస్ ఎక్కువగా చేతుల ద్వారా, ముద్దుల ద్వారా, దగ్గు తుంపర్ల ద్వారా చేరుతుంది. కాబట్టి ముఖ్యమైనవి రెండే. పాపను ఎత్తుకునే ముందు సబ్బుతో చేతులు కడగడం, ముఖం మీద, చేతుల మీద ముద్దు పెట్టకపోవడం. ముద్దు పెట్టాలనిపిస్తే పాదాలకు పెట్టమనండి. పాదం నోట్లో పెట్టుకునే వయసు వచ్చింది కాబట్టి మేజోళ్లు తొడగండి. జలుబుగా ఉన్నవాళ్లు మాస్కు పెట్టుకుని అదే గదిలో దూరంగా కూర్చోవచ్చు.

ఫ్లూ టీకా ఆరు నెలలు నిండిన బిడ్డకు ఇవ్వవచ్చు. మొదటిసారి అయితే నాలుగు వారాల తేడాతో రెండు మోతాదులు. మీ పాపకు ఈ వారం మొదటిది వేయించినా భోగి నాటికి రెండోది పడదు. అందుకే చుట్టూ ఉన్న పెద్దవాళ్లు వేయించుకోవడం మంచిది. టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది, అంటే ఈ వారమే వేయించుకోవాలి. పాప టీకాల కార్డు ఒకసారి తీసి ఆరు, పది, పద్నాలుగు వారాలవి అన్నీ పడ్డాయో లేదో చూడండి. కోరింత దగ్గుకు రక్షణ వాటిలోనే ఉంది.

సాంబ్రాణి గురించి నానమ్మగారు నొచ్చుకోవద్దు. పొగ ఏదైనా పొగే. ఒకసారి పిల్లికూతలు వచ్చిన బిడ్డకు అసలే వద్దు. తల తుడిచి, గాలి తగలకుండా కాసేపు ఒళ్లో పెట్టుకుంటే జుట్టు ఆరుతుంది. ఒంటికి నూనె మర్దన చక్కగా చేయండి, ముక్కులో, చెవుల్లో మాత్రం చుక్క కూడా వేయవద్దు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెచ్చిన పిల్లలను చూశాను. జలుబుకు కర్పూరం మూట కట్టడం, ఛాతీకి కర్పూరం కలిసిన మందులు రాయడం కూడా వద్దు, కర్పూరం పసిపిల్లలకు విషం. తేనె ఏడాది నిండేదాకా వద్దు. అందులో ఉండే ఒక రకం క్రిమి బీజాలు పసిపిల్లల పేగుల్లో విషాన్ని తయారు చేయగలవు. వస తేనెలో రంగరించి నాకించడం కూడా ఇందులోకే వస్తుంది.

ఇక పెదనాన్నగారి దగ్గు. ఇది అందరూ పాప వైపు నుంచే చూస్తున్నారు. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికి ఉన్నా కఫం పరీక్ష చేయించాలి, క్షయ కాదని తేల్చుకోవాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో డబ్బు తీసుకోకుండా చేస్తారు. ఆయనకు నెల దాటింది, పైగా చుట్ట. పాప పుట్టి ఉండకపోయినా ఆయనను ఈపాటికి ఎవరో ఒకరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లవలసింది.

---

వేపచెట్టు నీడ, వనస్థలిపురం
24 డిసెంబరు, ఉదయం 6.10

నేను మామూలుగా ఇక్కడ చదువుతాను, రాయను. ఇది చదివాక రాయాలనిపించింది.

నాకు 71. మూడేళ్ల కిందట మా అన్న మనవడి బారసాలకు నన్ను రావద్దన్నారు. అప్పుడు నాకు దగ్గు ఉంది. రావద్దనడం తప్పు కాదు. కానీ నాతో ఎవరూ నేరుగా అనలేదు. బృందంలో అందరికీ కలిపి ఒక సందేశం వచ్చింది, జలుబు దగ్గు ఉన్నవారు దయచేసి రావద్దని. ఆ ఇంట్లో దగ్గేది నేను ఒక్కడినే. అందరూ అది చదివారు, అది నా గురించేనని అందరికీ తెలుసు, ఒక్కరూ ఫోను చేయలేదు. కొన్న వెండి గిన్నె బీరువాలో పెట్టేశాను. వాడికి ఇప్పుడు మూడేళ్లు. ఆ గిన్నె ఇంకా బీరువాలోనే ఉంది.

అమ్మా, మీ వారిని ఆయనకు ఫోను చేయమనండి. బృందంలో రాయవద్దు. పెదనాన్నా, మీకు దగ్గు ఎన్నాళ్లనుంచి అని అడగమనండి. నన్ను ఆ ఒక్క మాట అడిగి ఉంటే, నేనే రానని చెప్పి ఉండేవాడిని.

---

కవలల తల్లి, మియాపూర్
24 డిసెంబరు, ఉదయం 8.30

వేపచెట్టు నీడగారూ, బృందంలో రాసేయమని నిన్న చెప్పింది నేనే. మీది చదివాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఫోను చేయడమే సరైనది. జాగ్రత్తల విషయంలో మాత్రం నా మాట మారదు.

---

నల్లగండ్ల నాన్న
24 డిసెంబరు, ఉదయం 9.00

మగవాళ్ల తరఫున ఒక మాట. ఆ ఫోను మీ వారే చేయాలి, మీరు కాదు. మా ఇంట్లో కూడా మొదట్లో నా భార్యే మా అమ్మతో అన్నీ చెప్పేది, చెడ్డపేరు తనకే వచ్చేది. తరువాత అర్థమైంది. కొడుకు చెబితే అది డాక్టరు మాట, కోడలు చెబితే అది కోడలి మాట. అన్యాయమే, కానీ నాలుగు రోజుల పండగలో దాన్ని మార్చలేము.

రెండోది, పడక. 11 మంది, మీరు ముగ్గురు, రెండు గదులు. ఒక గది పాపకు వదిలేయక తప్పదు. పండగకు మీ అపార్ట్‌మెంట్‌లో సగం ఫ్లాట్లు తాళాలు వేసి ఉంటాయి. మా అంతస్తులో నాలుగు ఇళ్లుంటే కిందటేడు మేమొక్కళ్లమే మిగిలాము. ఎదురింటివాళ్లను అడగండి. మేము అడిగితే తాళం చెవి ఇవ్వడమే కాదు, గీజరు ఎలా వేయాలో కాగితం మీద రాసి అంటించి వెళ్లారు. మేము తిరిగి ఇల్లు కడిగించి, అరిసెల డబ్బా పెట్టి ఇచ్చాము.

చలి సంగతి. కూకట్‌పల్లి మరీ చల్లని చోటు కాదు. మా వైపు, విశ్వవిద్యాలయం చుట్టూ, పటాన్‌చెరు, రాజేంద్రనగర్ దగ్గర కొన్ని రాత్రులు 10 డిగ్రీల కిందికి పడిపోతుంది. నగరం నడుమ అంతకన్నా మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. పగలు 28 దాకా ఎండ కాస్తుంది. ఊరినుంచి వచ్చేవాళ్లు పొద్దున్న వేసిన స్వెటరు, మంకీ టోపీ మధ్యాహ్నం కూడా తీయనివ్వరు, పిల్ల చెమటతో తడిసిపోతుంది. అది చూసుకోండి.

---

పిల్లల వార్డు నర్సు (విశ్రాంత)
24 డిసెంబరు, రాత్రి 8.45

నల్లగండ్ల నాన్నగారు మంచి మాట గుర్తు చేశారు. మనం వేసుకున్నదానికన్నా ఒక్క పొర ఎక్కువ చాలు. లోపల నూలు బట్ట ఉండాలి. చేతులు, కాళ్లు చల్లగా ఉన్నాయని కంగారు పడి పెద్దవాళ్లు ఇంకో స్వెటరు వేస్తారు. చూడవలసింది మెడ వెనుక. అక్కడ వెచ్చగా ఉంటే బిడ్డకు సరిపోయినట్టే, చెమట ఉంటే ఎక్కువైనట్టు. ఇంట్లో నిద్రపోయేటప్పుడు టోపీ తీసేయండి. వెల్లకిలా పడుకోబెట్టండి. దిండ్లు, బొంతలు, బొమ్మలు పక్కన వద్దు. నలుగురి మధ్యలో ఒకే రగ్గు కింద పడుకోబెట్టే అలవాటు ఉంటే ఆ నాలుగు రాత్రులూ గట్టిగా ఉండండి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఎవరైనా పెడతామంటే అస్సలు వద్దు. దాని గాలికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

---

చంటిపాప అమ్మ, కూకట్‌పల్లి
29 డిసెంబరు, రాత్రి 10.50

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. వేపచెట్టు నీడగారూ, మీరు రాసినది మా వారికి చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. మరునాడు ఉదయం తనే పెదనాన్నగారికి ఫోను చేశారు. పాప గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. ‘నెల రోజులుగా దగ్గుతున్నారట, నేను ఇక్కడ ఎందుకు కూర్చున్నానో నాకే తెలియడం లేదు’ అన్నారు. ఆ రాత్రి రైలెక్కి వెళ్లి, శుక్రవారం ఆయనను పరీక్షలకు తీసుకెళ్లారు. కఫం పరీక్షలో క్షయ లేదని వచ్చింది. ఎక్స్‌రే చూసి, ఏళ్ల తరబడి చుట్ట వల్ల ఊపిరి గొట్టాలు దెబ్బతిన్నాయని, దానిమీద ఇప్పుడు ఇన్‌ఫెక్షన్ కూడా ఉందని డాక్టరుగారు చెప్పారట. మందులు ఇచ్చి, పీల్చే మందు ఒకటి రాశారు, చుట్ట మానేయమన్నారు.

బయటికి వచ్చాక ఆయనే అన్నారట, ‘ఈ దగ్గు తగ్గేదాకా నేను పాప దగ్గరికి రాను, నువ్వు అడగలేక అడగలేక ఇంత దూరం వచ్చావు’ అని. మా వారు రైల్వే స్టేషన్‌లో కూర్చుని నాకు ఫోను చేసి ఈ మాట చెబుతూ ఏడ్చారు.

మా అత్తగారూ మామగారూ ఫ్లూ టీకా వేయించుకున్నారు. పాపకూ మొదటిది వేయించాము. ఎదురింటి తాళం చెవి దొరికింది.

---

మల్కాజిగిరి నానమ్మ
30 డిసెంబరు, ఉదయం 9.20

చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. నీ మొగుడు మంచివాడు తల్లీ.

నర్సమ్మగారూ, మీరు పొగ గురించి రాసింది మా కోడలు రెండేళ్లుగా చెబుతూనే ఉంది. నేను వినలేదు. మా చిన్న మనవడికి ఆయాసం ఉంది. నిన్న సాంబ్రాణి గిన్నె తీసి పైన అటక మీద పెట్టేశాను. కవలల తల్లీ, మీ అమ్మమ్మ మాట నన్ను వదలలేదు. మా అమ్మకు కూడా ఇద్దరు అలాగే పోయారు. వాళ్ల పేర్లు కూడా నాకు తెలియవు.

---

గోదావరి ఆడపడుచు, ఎల్బీనగర్
6 జనవరి 2025, రాత్రి 8.00

చెల్లీ, వార్తలు చూస్తున్నావా? బెంగళూరులో ఇద్దరు చంటిపిల్లలకు హెచ్‌ఎంపీవీ అనే వైరస్ సోకిందట. ఒకరికి మూడు నెలలు, ఒకరికి ఎనిమిది నెలలు. మా ఇంట్లో అందరూ మళ్లీ కరోనా రోజులు వచ్చాయని భయపడుతున్నారు. భోగిపళ్లు వాయిదా వేస్తే మంచిదేమో ఆలోచించు.

---

చంటిపాప అమ్మ, కూకట్‌పల్లి
6 జనవరి, రాత్రి 8.25

చూశాను అక్కా. సాయంత్రం నుంచి చేతులు వణుకుతున్నాయి. మా అత్తగారు ఫోను చేసి రాకుండా ఆగిపోమంటావా అని అడిగారు. ఏమి చెప్పాలో తెలియక రేపు చెబుతానన్నాను. నర్సుగారూ, ఉన్నారా?

---

పిల్లల వార్డు నర్సు (విశ్రాంత)
6 జనవరి, రాత్రి 8.50

ఉన్నానమ్మా. కంగారు పడవద్దు. అది కొత్త వైరస్ కాదు. 2001లోనే నెదర్లాండ్స్‌లో గుర్తించారు, అంతకుముందునుంచీ మనుషుల్లో తిరుగుతూనే ఉంది. ఇది కూడా జలుబు, దగ్గు తెచ్చేదే. చంటిపిల్లల్లో, పెద్దవయసువాళ్లలో కొందరికి ఛాతీలోకి దిగుతుంది. అక్టోబరులో మీ పాపకు వచ్చినదీ ఇటువంటిదే ఏదో ఒకటి. మీరు ఇప్పటికే చేస్తున్న జాగ్రత్తలే దీనికీ జాగ్రత్తలు. చేతులు, ముద్దులు, దగ్గేవాళ్లు దూరం.

రమ్మనండి. ఒంట్లో బాగా లేనివాళ్లు ఆగిపోతే చాలు.

భయం వేసినప్పుడు వార్తలు కాదు, పాపను చూడాలి. నిద్రలో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలలు దాటి ఏడాది లోపు బిడ్డకు 50 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే డాక్టరుకు చూపించాలి. డొక్కలు ఎగరేస్తున్నా, మూలుగుతున్నా, మామూలుగా తాగే పాలలో సగం కూడా తాగకపోయినా, మూత్రం తగ్గినా ఆగవద్దు. పెదవులు నీలంగా మారితే 108కి ఫోను చేయండి. మందుల దుకాణంలో జలుబు సిరప్ కొని పోయవద్దు. ఆ సిరప్‌లలో బాగా వాడే ఒక మిశ్రమాన్ని నాలుగేళ్ల లోపు పిల్లలకు ఇవ్వరాదని 2023లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థే చెప్పింది. ముక్కు మూసుకుపోతే ఉప్పునీటి చుక్కలు చాలు, పాలు పట్టే ముందు వేయండి.

---

నల్లగండ్ల నాన్న
9 జనవరి, మధ్యాహ్నం 2.10

ఇంకో సంగతి, మీ వాళ్లు వచ్చాక నాంపల్లి ఎగ్జిబిషన్‌కు, అదే నుమాయిష్‌కు, తప్పకుండా వెళదామంటారు. ఈ ఏడు 3వ తేదీనే మొదలైంది. పరేడ్ మైదానంలో గాలిపటాల పండగ కూడా 13 నుంచి. వాళ్లను పంపండి, పాపను పంపవద్దు. నాంపల్లి మైదానంలో సాయంత్రం జనం, దుమ్ము ఎలా ఉంటాయో మీకు తెలియనిది కాదు. మెట్రోలో వెళ్లి మెట్రోలో వచ్చేస్తారు, మీకూ పాపకూ మూడు గంటలు నిద్ర దొరుకుతుంది. భోగి తెల్లవారుజామున కింద మంట వేస్తారు కదా, ఎవరో ఒకరు పాత టైరో ప్లాస్టిక్ కుర్చీయో అందులో పడేస్తారు. ముందు రోజు రాత్రే కిటికీలు మూసి, ఎండ వచ్చాక తెరవండి.

---

చంటిపాప అమ్మ, కూకట్‌పల్లి
11 జనవరి, ఉదయం 11.30

రేపు వస్తున్నారు. పెదనాన్నగారు రావడం లేదు. చివరి ప్రశ్న, భోగిపళ్ల గురించి. మాది హనుమకొండ, మా పుట్టింట్లో సంక్రాంతి అంటే సకినాలు, ముగ్గులు. భోగిపళ్లు పోయడం నేను దగ్గరనుంచి చూడలేదు. రేగిపళ్లు, చెరుకు ముక్కలు, నానిన శనగలు, చిల్లర నాణేలు, బంతిపూలు అన్నీ కలిపి తల మీద పోస్తారని చెప్పారు. పాప చేతికి ఏది దొరికితే అది నోట్లోకి వెళుతుంది. పేరంటానికి పదిహేను మంది పిల్లలు వస్తారు, కింద పడినవి ఏరుకుంటారు.

---

మల్కాజిగిరి నానమ్మ
11 జనవరి, మధ్యాహ్నం 12.05

ఇది నాకు వదిలెయ్యి. దిష్టి పోవాలన్నదే కదా దాని భావం, నెత్తిన గింజ తగిలితేనే పోతుందని ఏ పెద్దవాళ్లూ అనలేదు. పాపకు పోసేటప్పుడు పూలరేకులే పోయండి, బంతి, చామంతి రెక్కలు విడదీసి. పళ్లు, నాణేలు, శనగలు గిన్నెలో ఉంచి మూడుసార్లు తల చుట్టూ తిప్పి పక్కన పళ్లెంలో వేయండి. మీ అత్తగారి ఒళ్లోనే కూర్చోబెట్టండి, కింద పీట మీద వద్దు. పాప రెండు చేతులూ పట్టుకునే పని ఆమెకే అప్పగించు. నా మాట విను, ఆ పని అప్పగిస్తే ఆమె ఎవరినీ దగ్గరికి రానివ్వదు. అయిపోగానే పాపను గదిలోకి తీసుకెళ్లి, ఆ తరువాత పిల్లలను ఏరుకోమనండి. హారతి కర్పూరం దూరంగా.

తలంటు కూడా తెల్లవారుజామున వద్దు. పదకొండు గంటలకు ఎండ పొడ వచ్చాక పోయండి. సూర్యుడు చూస్తుండగా పోసినా భోగి స్నానమే.

---

పిల్లల వార్డు నర్సు (విశ్రాంత)
11 జనవరి, మధ్యాహ్నం 12.40

నానమ్మగారు చెప్పినట్టే చేయండి. కలిపేది ఒక్కటే, అయ్యాక మెడ మడతల్లో, పరికిణీ లోపల, డైపరు లోపల చేయి పెట్టి వెతకండి. ఒక శనగ గింజ చాలు ఊపిరి అడ్డుకోవడానికి.

---

చంటిపాప అమ్మ, కూకట్‌పల్లి
17 జనవరి, రాత్రి 9.40

నిన్న అందరూ వెళ్లారు. ఇల్లు మళ్లీ మూగబోయింది.

అన్నీ సాఫీగా జరగలేదు. మొదటి రోజు గుమ్మం పక్కనే సబ్బు, తువ్వాలు పెట్టాము. మా ఆడపడుచు అది చూసి ముఖం ముడుచుకుంది, సాయంత్రం దాకా పాపను ముట్టుకోలేదు. ఆ రాత్రి నేనే ఎదురింటికి వెళ్లి అక్టోబరులో తీసిన ఫోటో చూపించాను, ముక్కుకు గొట్టంతో ఉన్నది. ఇన్నాళ్లూ దాన్ని ఎవరికీ చూపించలేదు, చూస్తే నాకే తట్టుకోవడం కష్టం. ఆసుపత్రిలో ఉందని వాళ్లకు తెలుసు, ఇలా ఉందని తెలియదు. ఆమె ఆ ఫోటో చాలాసేపు పట్టుకుని కూర్చుంది. మరునాటినుంచి వచ్చిన ప్రతి పేరంటాలినీ సబ్బు దగ్గరికి నడిపించింది ఆమే.

నానమ్మగారూ, మీ మాట అక్షరాలా నిజమైంది. మా అత్తగారు పాప రెండు చేతులూ తన గుప్పిట్లో పెట్టుకుని, ముత్తైదువులు వంగబోతే ‘రేకులే, రేకులే’ అంటూ కూర్చున్నారు. పసుపు రేకులు తల మీద పడుతుంటే పాప పైకి చూసి నవ్వింది. నర్సుగారూ, వెతికితే మెడ మడతలో చెరుకు పీచు, నడుము దగ్గర ఒక శనగ దొరికాయి. ఎలా వెళ్లిందో ఇప్పటికీ తెలియదు.

పెదనాన్నగారు వీడియోలో చూశారు. ఆయన మా మామగారితో ఒక గుడ్డ సంచి పంపించారు. అందులో చిల్లుకాణీలు, బ్రిటిషు కాలంనాటివి, నడుమ కన్నం ఉన్నవి. ఆయనకూ, మా మామగారికీ, మా వారికీ అవే పోశారట. పండగ అవగానే ఏరి మళ్లీ సంచిలో కట్టి పెట్టడం ఆయన పని. ఆ సంచి విప్పకుండానే పాప తలకు తాకించాము. ఫోనులో ఆయన ‘లెక్కపెట్టండి, 21 ఉండాలి’ అన్నారు. మా వారు లెక్కపెట్టి చూపించారు.

---

వేపచెట్టు నీడ, వనస్థలిపురం
18 జనవరి, ఉదయం 6.00

చదివాను అమ్మా. మా అన్న కొడుక్కి నిన్న రాత్రి నేనే ఫోను చేశాను. ఆదివారం వాళ్లింటికి వెళుతున్నాను. గిన్నె తీసి చింతపండుతో తోమాను.

---

చంటిపాప అమ్మ, కూకట్‌పల్లి
27 జనవరి, రాత్రి 10.15

మీకు చెప్పకుండా ఉండలేను. పాపకు 21న జలుబు వచ్చింది. చుట్టాలనుంచి కాదు, మా వారికి ఆఫీసులో అంటుకుని ఆయన నుంచి. జ్వరం ఒక రోజు. రాత్రికి మూడుసార్లు లేచి లెక్కపెట్టాను, 38, 41, 36. ఒక్కసారి కూడా 50 దాటలేదు. పాలు తాగింది. ఉప్పునీటి చుక్కలు వేశాను. నాలుగో రోజుకు తగ్గింది. ఇది రెండో జలుబు, ఆసుపత్రి లేకుండా దాటింది. 24న పూర్తిగా కోలుకున్నాక రెండో టీకా కూడా వేయించాము.

పెదనాన్నగారి దగ్గు తగ్గింది. చుట్ట ముట్టక నెల అయిందట. ఫిబ్రవరి 4న రథసప్తమికి వస్తున్నారు. పాప తల మీద జిల్లేడు ఆకులు పెట్టి తనే నీళ్లు పోస్తానంటున్నారు. చిక్కుడుకాయలు రైతుబజారులో దొరుకుతాయి, జిల్లేడు ఆకులు కూకట్‌పల్లిలో ఎక్కడ దొరుకుతాయో ఎవరికైనా తెలుసా?

---

కవలల తల్లి, మియాపూర్
28 జనవరి, ఉదయం 7.30

మా వీధి చివర ఖాళీ స్థలంలో పెద్ద జిల్లేడు చెట్టు ఉంది. మియాపూర్ మెట్రో దగ్గరికి వస్తే 3వ తేదీ సాయంత్రం కోసి తెచ్చి ఇస్తాను.

---

పిల్లల వార్డు నర్సు (విశ్రాంత)
28 జనవరి, ఉదయం 8.10

కోసినవారు చేతులు కడుక్కోండి, జిల్లేడు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. తొడిమ దగ్గర పాలు పూర్తిగా ఆరి, కడిగిన ఆకులే పెదనాన్నగారికి ఇవ్వండి. పాప తలకు ఆనించకుండా, ఆయన అరచేతిలో ఆకు పట్టుకుని ఆ చేతి మీదుగా నీళ్లు జారనిస్తే సరిపోతుంది.